చూసి వేసిన బొమ్మ

"కదలకమ్మా" అన్నారు వీరబ్రహ్మం మాస్టారు.

కదలకపోతే పూతరేకు మాడిపోతుంది. ఆ ముక్క ఆయనకి చెప్పలేక నాగదుర్గ నాలుగు రోజులుగా అవస్థ పడుతోంది.

పొయ్యి మీద బోర్లించిన కుండ అడుగు నల్లగా, నున్నగా మెరుస్తోంది. కింద ఎండు కొబ్బరాకు మంట. ఎడమ పక్కన గిన్నెలో పాలంత పల్చగా రుబ్బిన బియ్యప్పిండి. గుడ్డని అందులో ముంచి, రెండు కొసలూ పట్టుకుని కుండ మీద పరిచి, ఇవతలికి లాగెయ్యాలి. లాగేసరికి కుండ మీద తెల్లటి పొర ఒకటి నిలుస్తుంది. దాన్ని అంచు దగ్గర గోటితో లేపి, ఊపిరి తగలకుండా తీసి పక్కన పెట్టాలి. ఒకటి, రెండు, మూడు అనేలోపల ఇదంతా అయిపోవాలి. ఇందులో కదలకుండా కూచోమంటే ఏ మనిషి కూచుంటుంది? అయినా పెద్దాయన. ఆత్రేయపురం హైస్కూల్లో సగం ఊరికి డ్రాయింగు చెప్పిన మనిషి. తన భర్త లోవరాజు చెవి మెలేసిన చెయ్యే అది. అందుకని నాగదుర్గ రేకు లేపినప్పుడల్లా చేతులు గాల్లో అలాగే ఉంచి, ఆయన తలూపాక దించేది. అలా నాలుగు రోజుల్లో పాడైన రేకులు పిల్లలు తిన్నారు.

"నేను చూడంది గియ్యను" అన్నారు మాస్టారు బ్రష్షు తుడుచుకుంటూ. ఆ మాట ఆయన రోజుకోసారైనా అనాలి, లేకపోతే అన్నం సయించదు. "రావులపాలెంలో అరటిపళ్ళ కొట్లన్నిటికీ బోర్డులు నేనే రాశాను. ప్రతి బోర్డుకీ నిజం గెల తెచ్చి ఎదురుగా వేలాడగట్టమనేవాణ్ణి. ఒక్క కాయ కూడా ఊహించి వెయ్యలేదు."

"ఇప్పుడు రాయట్లేదా అండీ?"

"ఇప్పుడెవడిక్కావాలమ్మా. రాజమండ్రిలో ఫ్లెక్సీ మిషను పెట్టారు. పొద్దున్న ఫొటో ఇస్తే మధ్యాహ్నానికి బోర్డు చేతికొస్తోంది. అరటిగెలంట, అది చూస్తే ఏ దేశం కాయో కూడా తెలీదు." ఆయన మొహం ఒక్క క్షణం చేదుమాత్ర మింగినట్టయింది. "పోన్లే. ఈ భీమవరం రంగరాజుగారు దేవుడిలా దొరికారు. కొత్త ఇల్లు కట్టారు, భోజనాల గదికి మన వంటింటి బొమ్మ కావాలన్నారు. ఇది నచ్చితే వాళ్ళ చుట్టాలిళ్ళు నాలుగున్నాయిట."

గురువారం సాయంత్రం ఆయన బొమ్మ వేస్తున్న బోర్డుని ఆవిడ వైపు తిప్పారు.

నాగదుర్గ మొదట కుండని గుర్తుపట్టింది. దాని అంచు దగ్గర గోరంత మచ్చ కూడా ఉంది. తర్వాత మంటని. తర్వాత ఖాళీ చేట, గోడకి చేరేసిన కత్తిపీట, పిండి చుక్కలు పడ్డ పీట, దాని మీద తడి తెల్లగుడ్డ. ఆఖర్న రెండు చేతులు. వాటి మధ్య పలచగా, మంట వెలుగు అవతలి నించి ఇవతలికి కనబడేంత పలచగా, అప్పుడే లేచిన రేకు. వేళ్ళ కొసలు ఎర్రగా, గీతలు అరిగిపోయి ఉన్నాయి. ఆరేళ్ళుగా వేడి కుండని తాకి తాకి అలా అయ్యాయని ఆవిడకి తెలుసు. కానీ అవి చూడ్డానికి ఇంత బాగుంటాయని ఎవరూ చెప్పలేదు.

"ఇవి నా చేతులేనా అండీ?" అంది.

"మరెవరివమ్మా?"

ఆవిడకి ఏడుపొచ్చింది. పొగ వంక పెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ ఏడుపు మీద ఉన్నప్పుడే మాస్టారు కుండ అడిగారు. నలుపు మీద ఆ మెరుపు పట్టుబడలేదట. ఇక్కడ పొగ, వాన మబ్బు. ఇంటికి పట్టుకెళ్ళి కిటికీ పక్కన పెట్టుకుని చూసి వేస్తారట. రెండ్రోజులు.

రేకుల కుండని ఎవరూ అరువివ్వరు. పది కొత్త కుండలు తెస్తే ఒకటి కుదురుతుంది. ఆ ఒక్కటీ నూనెగుడ్డతో రుద్దించుకుని, నెలల తరబడి కాలి, నలుపెక్కి, అప్పుడు గాని పదునెక్కి చేతికి లొంగదు. కానీ అది ఆషాఢమాసం. పెళ్ళిళ్ళు లేవు, గృహప్రవేశాలు లేవు. రేకులన్నీ కొనే పెద్దింట్లమ్మే మూడు రోజులు తియ్యొద్దని కబురు పెట్టింది. పైగా ఆ బొమ్మ చూశాక కాదనడానికి నాగదుర్గకి నోరు రాలేదు.

"నీళ్ళు మాత్రం తగలనివ్వకండి మాస్టారూ. పక్కకి కూడా వాల్చకండి."

"నాకు చెప్పాలా అమ్మా" అని ఆయన తట్టలో గడ్డి పరిచి, కుండని అందులో బోర్లించి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో ఎత్తుకుని చినుకుల్లో గొడుగు పట్టుకోవడం కూడా మర్చిపోయి వెళ్ళారు. నిజం చెప్పాలంటే ఆ కుండని అంత భద్రంగా నాగదుర్గ కూడా ఎప్పుడూ మొయ్యలేదు.

ఆదివారం పొద్దున్న కుండ తెచ్చుకుందామని వెళ్తే మాస్టారి గుమ్మంలో కారుంది. లోపల కుర్చీలో ఒకావిడ. రంగరాజుగారి భార్య సుభద్రమ్మ. రాజులు పిల్లిని అదిలించినా అండి అనే అదిలిస్తారని గోదావరి జిల్లాల్లో వేళాకోళం. సుభద్రమ్మగారు ఆ వేళాకోళాన్ని నిజం చెయ్యడానికే పుట్టినట్టుంది.

"చాలా బాగుందండి మాస్టారండీ. మంట దగ్గర చెయ్యి పెడితే కాలేట్టుందండి. కానీ ఆ చేట ఖాళీగా ఉందేంటండీ?"

"బియ్యం నానబోసేశారు కదండి, అందుకని..."

"నిజమేనండి. ఇంట్లో అయితే ఓ గంటకి మళ్ళీ బియ్యం పోస్తారండి. బొమ్మలో ఇంక ఎప్పటికీ ఖాళీయే కదండీ. రోజూ అన్నానికి కూచునే ముందు ఖాళీ చేట చూడాలండి."

మాస్టారు చేట వైపు చూశారు. ఇన్నేళ్ళలో ఆయనకి ఆ సంగతి తట్టినట్టు లేదు.

"ఆ కత్తిపీట కత్తి పైకే ఉందండి. మా అత్తగారు చూస్తే ఇల్లు పీకి పందిరేస్తారండి. కత్తిపీట లేపి ఉంచితే ఇంట్లో గొడవలని ఆవిడకి పట్టింపండి." సుభద్రమ్మ ఒక్కసారి ఆగి, గొంతు తగ్గించింది. "ఇంక ఆ కుండండి. బోర్లించి ఉందండి. అదీ నల్లటి కుండ. పక్కన తడి తెల్లగుడ్డ. ఏమనుకోకండి మాస్టారండీ, నాకు చూడగానే గుండె ఝల్లుమందండి. కొత్తిల్లండి. బోర్లించిన కుండని గోడకి తగిలించుకుంటామా అండీ?" అని మంగళసూత్రాలు కళ్ళకద్దుకుంది.

గుమ్మంలో నిలబడ్డ నాగదుర్గకి ఒళ్ళు మండింది. మా ఇంట్లో ఆ కుండ బోర్లిస్తేనే అన్నమండీ, అది నిలబెట్టిన రోజు మాకు పస్తండీ అందామనుకుంది. చేట ఖాళీ అయితే బియ్యం పనిలోకి వెళ్ళాయని అర్థమండీ అందామనుకుంది. ఈలోపల మాస్టారు తలెత్తి, "ఈ అమ్మాయేనండి" అనేశారు.

"అయ్యో, మీరా అండీ? లోపలికి రండమ్మా." సుభద్రమ్మ లేచి వచ్చి నాగదుర్గ చేతులు ఉంగరాలు పెట్టిన తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. వేళ్ళ కొసల్ని బొటనవేలితో నిమిరింది. ఆవిడ మొహంలో జాలి నిజమే. "ఎంత కష్టమండీ. శ్రావణంలో రెండో శుక్రవారం మా గృహప్రవేశమండి. పూతరేకులు మీరే చెయ్యాలండి. ఐదొందలు. బొమ్మలో ఆవిడ చేతి రేకులే మీరు తింటున్నారని అందరికీ చెప్పుకుంటామండి."

మండిన ఒళ్ళు చల్లబడిపోయింది. ఐదొందల పూతరేకుల బేరం పెద్దింట్లమ్మ చెయ్యి దాటకుండా నాగదుర్గ ఇంటికి ఎన్నడూ వచ్చింది లేదు.

"మరి బొమ్మలో కుండ నిలబెట్టెయ్యండి మాస్టారండీ" అంది సుభద్రమ్మ, చెయ్యి వదలకుండానే. "సున్నం రాసి, పసుపూ కుంకం పెట్టి, నిండా నీళ్ళూ, మామిడాకులూ, కొబ్బరికాయా. ఈవిడ వెనకాల నించుని దణ్ణం పెడుతుంటే అన్నపూర్ణమ్మలా ఉంటుందండి."

మాస్టారు బొమ్మని చూశారు. గోడకి ఆనించిన పాత బోర్డులు చూశారు. మళ్ళీ బొమ్మని చూశారు.

"అలాగేనండి" అన్నారు. తర్వాత నాగదుర్గ వైపు తిరిగి, "ఇంకో రెండ్రోజులు ఆగుతావా అమ్మా?" అన్నారు.

సంతలో కుండలకి కరువా, ఆ నీళ్ళ కుండ వేరే తెచ్చుకుంటారు అనుకుంది నాగదుర్గ. అడిగితే బాగుండదనిపించింది. అంత పెద్దావిడ ముందు, అంత పెద్ద బేరం ఇచ్చిన నోటి ముందు, నా కుండ నాకిచ్చెయ్యండని ఎలా అంటుంది?

"సరేనండి" అంది. కొంప ముంచింది ఆ మాటే.

మంగళవారం వెళ్ళేసరికి మాస్టారు ఒళ్ళు తెలీకుండా పని చేస్తున్నారు. కిటికీ పక్కన ఎత్తుపీట మీద పూర్ణకుంభం. తెల్లటి సున్నం, పసుపు చారలు, కుంకం బొట్లు, మామిడాకుల మధ్య కొబ్బరికాయ. అంచు దాకా నీళ్ళు. నీళ్ళ మీద కిటికీ వెలుగు వణుకుతోంది.

నాగదుర్గ గదంతా వెతికింది. తట్టలో గడ్డి ఉంది, కుండ లేదు.

"నా కుండేదండీ?"

"ఇదే కదమ్మా!"

ఆవిడకి అర్థం కాలేదు. దగ్గరికెళ్ళి చూసింది. సున్నం కింద, అంచు దగ్గర, గోరంత మచ్చ.

"వేరే కుండ పెట్టి వెయ్యచ్చనుకో" అంటున్నారు మాస్టారు, బ్రష్షు ఆపకుండా. "కానీ బొమ్మలో ఉన్నది ఈ కుండ. ఇంకోటి పెడితే దాని పొట్ట కొలత వేరు, భుజం వంపు వేరు. అబద్ధం అయిపోతుంది. చూడంది గియ్యను కదా నేను. సున్నం ఎండాక ఎలా ఉంటుంది, నీళ్ళు నిండితే ఒంటికి చెమ్మ ఎక్కడ దిగుతుంది, అన్నీ చూసే వేశానమ్మా. ఆ చెమ్మ ఎలా వచ్చిందో చూడు, అచ్చం..."

నాగదుర్గ మామిడాకులు తీసి కింద పెట్టింది. కొబ్బరికాయ తీసింది. కుండ వంచి నీళ్ళు వసారాలోకి పారబోసింది. బోర్లించి అడుగు మీద అరచెయ్యి వేసింది. ఆరేళ్ళ నూనె, ఆరేళ్ళ మంట పట్టిన అడుగు తడిసి, గరుకుగా, సున్నపు పొక్కులతో చేతికి తగిలింది. చచ్చిపోయిన మనిషి నుదురు ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కడిగేస్తే పోదూ?" అన్నారు మాస్టారు, చిన్నగా.

కడిగితే పోయేది సున్నమా, పదునా? ఆ మాట అనబోయి తలెత్తింది. ఎదురుగా బొమ్మ ఉంది. కుండ నిలబడింది. చేటలో బియ్యం గుట్ట. కత్తిపీట ఉన్న చోట గోడ. రేకు లేదు. కుండ వెనకాల మొహం ఇంకా గీతల్లోనే ఉంది. ఆ చేతులు రెండూ ఇప్పుడు దణ్ణం పెడుతున్నాయి. తెల్లటి, కొసలు తీరిన వేళ్ళు. రెండు ఉంగరాలు.

"ఈ చేతులెవరివండీ?" అని మాత్రం అడిగింది.

మాస్టారు బ్రష్షు తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఉంగరాలు మాత్రం ఎవరివి చూసి వేశారో ఆవిడకి తెలుస్తూనే ఉంది. కుండని కొంగులో చుట్టుకుని వానలోనే ఇంటికి నడిచింది.

ఎండ లేదు. పొయ్యి పక్కన రెండు రోజులు ఆరబెట్టింది. నూనె రాసింది, రుద్దింది, మళ్ళీ రాసింది. లోవరాజు రావులపాలెంలో గెలలు మోసి వచ్చి, ఆవిడ వాలకం చూసి, "కుండే కదే, మనిషి పోయినట్టు ఏంటది?" అన్నాడు. అన్నవాడే ఓ గంట కూచుని తనూ రుద్దాడు. మూడో రోజున మంట పెట్టి గుడ్డ వేస్తే రేకు లేవలేదు. సగం కుండకి అంటుకుపోయింది, సగం చిల్లులు పడి చేతికొచ్చింది. మళ్ళీ వేసింది. ఇరవైసార్లు వేసింది. సున్నపు వాసన. ఆ మధ్యాహ్నం టప్‌మని చప్పుడొచ్చి కుండ అడుగు అడ్డంగా బీటలు వారింది. బీటలోంచి మంట కనిపించింది.

కొత్త కుండలు నాలుగు తెచ్చింది. రెండింటి మీద రేకే పట్టలేదు. మూడోదాని మీద అట్టులా మందంగా దిగింది. నాలుగోది కాస్త నయం, కానీ పది తీస్తే ఒకటి నిలిచింది. శ్రావణం వచ్చేసింది. పెద్దింట్లమ్మ అరుగు మీద ఆ రేకు పెడితే, ముసల్ది రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసి, కింద పెట్టేసింది.

"అరువు సొమ్ములు బరువు చేటని ఊరికే అన్నారా? నువ్వు ఒంటి మీద నగ ఇచ్చినా ఇంత బాధ లేదే. మొహమాటానికి పోతే ఏదో అయిందంట."

"ఈ కుండ పదునెక్కిందాకా ఆగు పిన్నీ. నాలుగు నెలలు."

"నేను ఆగుతానే, ముహూర్తాలు ఆగుతాయా? నీకిచ్చే బేరమంతా పక్క వీధి చిన్నమ్మాయికి ఇచ్చేశాను. తన కుండ కుదిరింది. రేపు నీది కుదిరిందని దాన్ని లేవమంటానా? అదీ పిల్లలున్న మనిషే." పెద్దింట్లమ్మ తిట్టలేదు, అరవలేదు. అలా నెమ్మదిగా చెప్పడంతోనే నాగదుర్గకి ఇంక ఆశ లేదని తెలిసిపోయింది. "ఆ భీమవరం బేరం నాకు ఒప్పచెప్పు. రేకులు చిన్నమ్మాయి తీస్తుంది. అక్కడికొచ్చి నువ్వు మడతలు పెడుదువుగాని. ఇక మీదటా అంతే. మడతలకి ఎప్పుడైనా మనిషి కావాలి."

మడతలు ఎవరైనా పెడతారు. రేకు మీద నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి, మడిచెయ్యడమే. బడి లేని రోజు ఆడపిల్లలు ఆడుతూ పాడుతూ పెడతారు.

భీమవరంలో ఆ ఇల్లు చెరువుల అవతల ఓడలా ఉంది. పెరటి వసారాలో చాప మీద కూచుని పొద్దుటి నించీ నాగదుర్గ మడతలు పెడుతూనే ఉంది. చిన్నమ్మాయి తీసిన రేకులు చెడ్డవి కావు. కానీ మడిచేటప్పుడు అంచు విరుగుతోంది. కొద్దిగా మందం. ఆ సంగతి వేళ్ళకి తెలుస్తుంటే ఊరుకోలేక ఊరుకుంది.

మొదటి బంతి లేచాక పళ్ళెం నింపుకుని భోజనాల గదిలోకి వెళ్ళింది. ఎదురు గోడ మీద బొమ్మ. బంగారు రంగు చట్రం, పైన దండ. దాని కింద పట్టుపంచె, భుజం మీద శాలువాతో వీరబ్రహ్మం మాస్టారు. నలుగురు చుట్టూ చేరి మెచ్చుకుంటుంటే తల దించుకుని నిలబడ్డారు.

"అన్నపూర్ణాదేవి కళ్ళలో ఆ కరుణ చూశారా అండీ?" అంటున్నారు ఎవరో. "మోడల్ ఎవరండీ?"

సుభద్రమ్మ నవ్వింది. "మోడల్ ఏంటండీ, దేవతకి. మాస్టారండి ఊహించి వేశారండి."

"అవునండి, ఊహే" అన్నారు మాస్టారు. అన్నాక తలెత్తితే ఎదురుగా పళ్ళెంతో నాగదుర్గ.

సుభద్రమ్మ కూడా ఆవిడని చూసింది. గుర్తుపట్టి ప్రేమగా దగ్గరికొచ్చి పళ్ళెంలోంచి ఒకటి తీసుకుంది. "మీ చేతివేనా అండీ ఇవి?" అని, జవాబు వచ్చేలోపలే ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది. అక్కడే ఇంకోటి కొరికిన ఒక పెద్దమనిషి పక్కవాడితో, "రేకు కాస్త మందం వచ్చిందండి" అంటున్నాడు. ఆయన అన్నది నిజం.

నాగదుర్గ బొమ్మ పక్కగా నిలబడింది. కిటికీ వెలుగు ఆ వారగా పడుతోంది. ఎదురుగా నిలబడ్డ వాళ్ళకి కనబడదు గాని, పక్క నించి చూస్తే రంగు కింద పాత రంగు మెట్టలు కట్టి ఉంది. దణ్ణం పెట్టే చేతులకి ఇవతల, పచ్చటి గోడ రంగు కింద, సన్నటి అంచొకటి వంపు తిరిగి ఉంది. అది రేకు అంచు. ఆవిడ చెయ్యి దానంతటదే పైకి లేచింది. గోటితో లేపితే వస్తుందేమో అన్నట్టు ఒక్క క్షణం ఆగి, కిందికి దిగింది.

పళ్ళెం ఖాళీ అయ్యాక వెనక్కి వెళ్తుంటే వసారాలో మాస్టారు ఆపారు. శాలువా చేతిలోకి తీసుకున్నారు. మనిషి ఈ రెండు వారాల్లో చిక్కిపోయాడు.

"అమ్మా, వాళ్ళ చుట్టాలు రెండు బొమ్మలు అడిగారు. రెండూ కుంభాలే. వేస్తాను, తప్పదు. కానీ ముందు నీకు ఒకటి వేస్తాను. నీ ఇంటికి. కుండ బోర్లించే. ఆ చేతులూ, ఆ రేకూ, మంటా, అన్నీ మొదట ఎలా వేశానో అలాగే. ఏమంటావు?"

నాగదుర్గ ఆయన్ని తిట్టాలని రెండు వారాలుగా అనుకుంటోంది. మాటలు కూడా పోగేసుకుంది. ఇప్పుడు ఆ ముసలి మొహం చూస్తే ఒక్కటీ పైకి రాలేదు. కోపం కూడా రాలేదు. పొయ్యి లేదు, కుండ లేదు. చేతి వేళ్ళకి పంచదార పొడి అంటుకుని ఉంది. కొసల్లో ఎరుపు అప్పుడే తగ్గుముఖం పట్టింది.

"చూడంది గియ్యనంటారు కదండీ మాస్టారూ" అంది. "ఇంక చూడ్డానికి ఏముందండీ?"

లోపల రెండో బంతికి విస్తళ్ళు వేస్తున్నారు. ఇంకో వంద మడతలు కావాలని పెద్దింట్లమ్మ కేకేసింది. నాగదుర్గ వెళ్ళి చాప మీద కూచుని రేకు పరిచి నెయ్యి రాయడం మొదలుపెట్టింది.